నీళ్ళ కుండ కింది బ్రేకు డ్రమ్ము

మా ఇంట్లో తాగే నీళ్ళ కుండ జీపు బ్రేకు డ్రమ్ము మీద ఉండేది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అక్కడ మొదలుపెడుతున్నాను. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. రాసింది మళ్ళీ చదివితే కొట్టేయాలనిపిస్తుందని, చదవకుండానే రాసుకుంటూ పోతున్నాను.

బ్రేకు డ్రమ్ము అంటే చక్రం లోపల ఉండే లోతైన ఇనుప గిన్నె. బ్రేకు తొక్కితే దాని లోపలి రెండు పట్టీలు విచ్చుకుని గిన్నె గోడను ఒత్తుతాయి, చక్రం ఆగుతుంది. దాన్నే నోరు పైకి పెట్టి నేల మీద ఉంచితే కుండకు కుదురులా సరిపోతుంది. మా ఆవిడ పండక్కి గోడలతో పాటు దానికీ సున్నం వేసేది. కొన్నాళ్ళకు అది ఇనుమని చూసినవాళ్ళకు తెలియకుండా పోయింది.

మాది బూర్గంపాడు నుంచి అడవిలోకి పోయే దారిలో ఒక ఊరు. డెబ్బైల్లో మా నాయన ఇచ్చిన పొలంలో కొంత అమ్మి, వేలంలో ఒక పాత జీపు కొన్నాను. పొద్దున్నే లోపలి ఊళ్ళ వాళ్ళను ఎక్కించుకుని సంత ఉంటే సంతకు, లేకపోతే బూర్గంపాడుకు, పని ఉన్నవాళ్ళను గోదావరి వంతెన దాటించి భద్రాచలానికి తీసుకుపోయేవాణ్ణి. ఆ రోజుల్లో లోపలికి బస్సు లేదు. ఎవరికన్నా పాము కరిచినా, ఆడమనిషికి నొప్పులు వచ్చినా మనిషి పరుగెత్తుకుంటూ మా ఇంటికే వచ్చేవాడు. అలా మా జీపుకు దవాఖానా జీపు అని పేరు పడింది. మా ఇంటి దారి అడిగితే కూడా, దవాఖానా జీపు ఇల్లు అని చెప్పేవాళ్ళు. నాకు ఇంకే పేరూ లేదు, ఇంకో పేరు కావాలని కూడా అనుకోలేదు. రోగిని తెచ్చినవాళ్ళు మంచి బట్టలు కట్టుకోకుండా, మాట్లాడకుండా, నా ముఖం చూడకుండా ఎక్కి కూర్చునేవాళ్ళు. బండి వాళ్ళను చేరుస్తుందని అంత నమ్మకం. నేను కాపాడుకోవాల్సింది అదొక్కటే.

ఆ నమ్మకం సగం బండ్లు బాగుచేసే మిస్త్రీది. బూర్గంపాడులో రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. వాళ్ళ తాతల కాలం నుంచి అక్కడే ఉన్న సాయిబుల కుటుంబం. తాత గుర్రపు బండ్ల చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించేవాడట. మిస్త్రీ నాకంటే బాగా పెద్దవాడు, చిన్నాన్నను పిలిచినట్టు నేను చిచ్చా అనేవాణ్ణి. ఆయనకొక పద్ధతి ఉండేది. బండికి ఏ సామాను మార్చినా, తీసిన పాతదాన్ని కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, బండి తాళంతో పాటు మన చేతిలో పెట్టేవాడు.

"ఇదెందుకు చిచ్చా నాకు?" అని మొదటిసారి అడిగాను.

"తీస్కో. మార్చిన అంటె మార్చినట్టు కనవడాలె. రేపు నువ్వు నన్ను అనుమానపడొద్దు, నేను నీ ముంగట తల దించుకోవద్దు."

అలా తెచ్చిన పాత సామాను మా ఇంట్లో పోగయ్యింది. కమాను పట్టా కమ్మరి దగ్గరికి పోయి కొడవలి అయ్యింది. పిస్టను దేవుడి గూట్లో అగరుబత్తుల గిన్నె అయ్యింది. ఫ్యాను బెల్టులతో దొడ్డి తలుపు కట్టాం. ఇంట్లో వాడకానికి రానివన్నీ గోనె సంచిలో వేసి అటక మీదికి ఎక్కించాం.

డ్రమ్ము కూడా అలాగే వచ్చింది. ఒక రోజు చిచ్చా ముందు చక్రం విప్పి, డ్రమ్ము లోపల వేలు తిప్పి చూశాడు.

"జర గీత పడ్డది."

"నడవదా?"

"నడవకేంది, మస్తు నడుస్తది. గని కొత్తది దొరకవట్టె. దీన్ని పట్టుకొని ఏడ్సుడెందుకు?"

అవును, అప్పుడు అలా ఉండేది. కొత్త సామాను మైనపు కాగితంలో చుట్టి, లోపల గ్రీజు పూసి వచ్చేది. కాగితం విప్పితే వచ్చే వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. బిగించాక దాన్ని మరిచిపోయేవాళ్ళం. ఏళ్ళ తరబడి దాని ఊసే ఉండేది కాదు. అందుకే ఇంకా నడిచే డ్రమ్మును కూడా తీసి పక్కన పెట్టాం. ఇంటికి తెస్తే మా ఆవిడ చూసి, "ఇది నాకు కావాలె, కుదురు పలిగింది" అని తీసుకుపోయి వంటింటి మూల పెట్టుకుంది.

తర్వాత ఎప్పుడు మారిందో సరిగ్గా చెప్పలేను. ఒక్క రోజులో మారలేదు. ఎనభైల్లో ఖమ్మంలో స్పేరు పార్టుల కొట్లు పెరిగాయి. డబ్బాలు మెరిసిపోయేవి. వాటి మీద పులి బొమ్మలు, విమానం బొమ్మలు వేసేవాళ్ళు. ముందు ఫ్యాను బెల్టు వదిలింది. వానాకాలం ముందు వేసిన బెల్టు వానలు పోకముందే పోగులు పోగులుగా విడిపోయింది. నా నడపడంలోనే ఏదో ఉందనుకున్నాను. తర్వాత బేరింగు గోల పెట్టింది. తర్వాత బ్రేకు రబ్బర్లు ఉబ్బి పట్టేశాయి, దిగి చక్రం ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఒక్కో దానికీ ఒక కారణం చెప్పుకున్నాం. దుమ్ము అన్నాం, లోడు ఎక్కువైంది అన్నాం, వాగులో నీళ్ళు తగిలాయి అన్నాం. ఈ దుమ్ము, ఈ వాగు మాకు మొదటి నుంచీ ఉన్నవే.

ఖమ్మంలో నేను ఎప్పుడూ ఒకే కొట్టుకు పోయేవాణ్ణి. కొట్టాయన్ని అందరూ సేటు అనేవాళ్ళు. మొదట్లో ఆయన ఏమీ అడగకుండా సామాను తీసి ఇచ్చేవాడు. కొన్నాళ్ళకు "కంపెనీదా, మామూలుదా?" అని అడగడం మొదలుపెట్టాడు. నేను ఎప్పుడూ కంపెనీదే అనేవాణ్ణి. ఇంకొన్నాళ్ళకు కంపెనీదంటే కూడా అనుమానం వచ్చింది.

"సేటూ, ఇది పక్కా కంపెనీదేనా?"

"డబ్బా సూడు భాయ్. కంపెనీదే."

"డబ్బా కంపెనీదే. లోపలిది?"

"లోపలిది డబ్బలనే ఉన్నది గదా."

పక్కన నిలబడ్డ లారీ డ్రైవరు నవ్వాడు. నేనూ నవ్వాను. సేటు మాత్రం నవ్వలేదు. టీ తెప్పించి, గొంతు తగ్గించి, "ఏం జెయ్యాలె భాయ్, నాక్కూడ గట్లనే వస్తున్నది. నేను విప్పి సూస్తనా?" అన్నాడు. ఆయన అబద్ధం ఆడాడని నేను ఇప్పటికీ అనుకోను.

అప్పుడే అటక మీది సంచి గుర్తొచ్చింది. కొత్త బేరింగు పోయినప్పుడు, సంచిలోంచి పాతది తీసి కడిగి చూస్తే కొత్తదాని కంటే మెత్తగా తిరిగింది. చిచ్చా దాన్నే వేశాడు. తర్వాత పాత కార్బొరేటరు, ఆ తర్వాత పాత క్లచ్చు ప్లేటు కొత్త పట్టీ కొట్టించుకుని బండి ఎక్కాయి. బండి ముందుకు పోతుంటే సామాను వెనక్కి పోతోంది. సంచి తేలికవుతుంటే మా ఆవిడ కింద నిలబడి నిచ్చెన పట్టుకుని అనేది:

"అటక ఖాళీ అయితాంది. ఇగ నన్ను గూడ బండికి బిగిస్తవా ఏంది?"

"నువ్వయితే ఒరిజినలే గదా, బిగిస్త."

"అవ్, ఒరిజినలే. అందుకే ఇన్నేండ్లు నడుస్తున్న నీ తోటి."

చిచ్చా పద్ధతి మాత్రం మారలేదు. తీసినదాన్ని కడిగి చేతిలో పెట్టడం ఆయన మానలేదు. కానీ ఇప్పుడు ఆయన చేతిలోంచి వచ్చేది మొన్న బిగించిన కొత్తదే. రంగు కూడా పోయి ఉండేది కాదు. దాన్ని తుడిచి ఇచ్చేటప్పుడు ఆయన వేరే వైపు చూసేవాడు. నేను గబుక్కున సీటు కింద పెట్టేసేవాణ్ణి.

తొంభైలు వచ్చాయి. ముందు చక్రం డ్రమ్ము, అప్పుడెప్పుడో మైనపు కాగితంలోంచి తీసి వేసిన మంచిది, పూర్తిగా అరిగిపోయింది. బ్రేకుతో ఆటలొద్దని చిచ్చా తానే నాతో ఖమ్మం వచ్చాడు. పొద్దున బస్సెక్కి, ఏన్కూరులో బస్సు ఆగితే దిగి టీ తాగాం. ఆయన అప్పటికే అలసిపోయినట్టు కనిపించాడు. మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు.

కొట్లో చిచ్చా డ్రమ్ములన్నీ కిందకి దింపించాడు. ఒక్కోదాన్నీ రెండు చేతుల్లో ఎత్తి బరువు చూశాడు. బరువుగా ఉన్నవి పక్కన పెట్టాడు. తర్వాత జేబులోంచి తీగ తీసి, ఒక్కోదాన్నీ తీగకు వేలాడదీసి పానాతో కొట్టాడు. మంచి ఇనుప పోత అయితే గుడి గంటలా చాలాసేపు మోగుతుంది, లోపల పగులు ఉంటే టప్ మని ఆగిపోతుంది. ఇది ఆయన తండ్రి నేర్పింది. నాలుగైదు తీసేశాక ఒకటి బాగా మోగింది. కొట్లో మాటలు ఆగి అందరూ ఇటు చూశారు. చిచ్చా కళ్ళు మూసుకుని, మోత పూర్తిగా ఆగేదాకా విన్నాడు.

"ఇదియ్యి" అన్నాడు సేటుతో.

ఆ డ్రమ్ము వేసుకుని కొన్ని నెలలు తిరిగాను. ఏ తేడా లేదు. చాలా రోజుల తర్వాత మళ్ళీ బ్రేకు గురించి మరిచిపోయాను.

వానలు వెనకబట్టిన కాలంలో ఒక రోజు పొద్దున్నే, లోపలి ఊరి నుంచి ఒక ముసలమ్మ కొడుకు వచ్చాడు. తన చెల్లెలికి నొప్పులు వస్తున్నాయన్నాడు. పోయి ఎక్కించుకున్నాను. వెనక సీటులో ఆ పిల్ల పడుకుంది, తల ముసలమ్మ ఒడిలో. ముసలమ్మ మా జీపులో ఇంతకుముందు వచ్చిన మనిషే, నన్ను కొడుకా అని పిలిచేది. కూతురితో వాళ్ళ భాషలో ఏదో నెమ్మదిగా చెబుతూ ఉంది. నాకు ఆ భాష సగమే వచ్చు. అయిపోయింది, వచ్చేశాం, దవాఖానా జీపు ఎక్కినం గదా, అని చెబుతోందని మాత్రం అర్థమైంది.

వాగు మీది కల్వర్టుకు ముందు దిగుడు ఉంది. అక్కడ బ్రేకు తొక్కాను. ముందు చక్రంలో కుండ పగిలినట్టు చప్పుడైంది. బండి ఒక పక్కకు లాగింది, కాలి కింద బ్రేకు పెడలు నేల దాకా పోయింది. మళ్ళీ తొక్కితే లోపల ఏమీ లేదు. గేరు తగ్గించి, చేతి బ్రేకు లాగి, స్టీరింగు మీద పడి, బండిని రోడ్డు పక్క ఇసుక మేటలోకి తిప్పాను. ఇసుకలో ముక్కు గుచ్చుకుని ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పిల్ల కేక వేసింది కానీ అది నొప్పుల కేకే.

దిగి చూస్తే చక్రం లోపల్నుంచి బ్రేకు నూనె కారుతోంది. ముసలమ్మ కొడుకు రోడ్డు మీదికి పరుగెత్తాడు. ముసలమ్మ కదల్లేదు, ఒడిలోంచి కూతురి తల తీయలేదు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నీ బండి గూడ గిట్లనే జేస్తదా కొడుకా?" అంది.

కాసేపటికి వాగులోంచి ఇసుక ట్రాక్టరు వచ్చింది. ఇసుక దింపించి, కింద గడ్డి పరిచి, ఆ పిల్లను దాంట్లో పడుకోబెట్టి పంపాం. నేను జీపు దగ్గరే ఉండిపోయాను. సాయంత్రానికి కబురు వచ్చింది, దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ బాగున్నారని. కబురు తెచ్చినతను సంతోషంగానే చెప్పాడు.

మర్నాడు డ్రమ్ము ముక్కలు సంచిలో వేసుకుని చిచ్చా దగ్గరికి పోయాను. ఆయన గోనె మీద ముక్కలు పరిచి, పగిలిన కుండను అతికినట్టు ఒకదాని పక్కన ఒకటి చేర్చాడు. విరిగిన అంచు నా వైపు తిప్పాడు. ఇనుము లోపల పటికబెల్లం ముక్కలాగా గరుకు గరుకుగా ఉంది.

"మోగింది గదరా" అన్నాడు.

"అవ్ చిచ్చా."

"నా చెవులతోని విన్న. అందరు విన్నరు. గింత మంచిగ మోగేటట్టు చేసి, లోపల ఇది పోసిన్రు."

"ఇంకోటి తెద్దాం."

"తెద్దాం. అది గూడ మోగుతది."

ఆయన ఒక గుడ్డ తీసి ముక్కల మీద కప్పాడు. అప్పుడు నాకు వంటింట్లో కుండ గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చి, కుండ కింది డ్రమ్ము బండికి కావాలని మా ఆవిడతో చెప్పాను.

"నీళ్ళు దేంట్ల పెట్టాలె?"

"ఇటుకల మీద పెట్టు."

"ఆడికి వచ్చిందన్నట్టు మనది" అని కుండ వంచి నీళ్ళు బకెట్లోకి పోసింది. తనే డ్రమ్మును ఎత్తి నా చేతిలో పెట్టింది. సున్నం పొరలు పొరలుగా ఊడింది. దాని కింద కంపెనీ అచ్చు గుర్తు ఇంకా స్పష్టంగా ఉంది. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. తడి గుడ్డలో చుట్టుకుని, సైకిలు మీద కట్టుకుని, ఆ రోజే బూర్గంపాడు పోయాను.

చిచ్చా దాన్ని చూసి లేచి నిలబడ్డాడు. "అరే, ఇది నేను ఇచ్చిందే" అన్నాడు. బయటి వైపు తడిమాడు. తీగకు కట్టి కొట్టలేదు, ఆ అవసరం లేనట్టు. తర్వాత నోరు తన వైపు తిప్పి లోపల చూశాడు. వేలితో గీకాడు. తుప్పు పెచ్చు లేచింది. దాని కింద ఇంకో పెచ్చు. గీకుడు కత్తితో గీకాడు. కుండ తడి ఇన్నేళ్ళు ఆ గోడ మీదే దిగింది. బ్రేకు పట్టీ ఒత్తాల్సిన చోటంతా మశూచి ముఖంలా గుంటలు పడింది.

"లేతు మిషను మీద నున్నగ పట్టిస్తే?"

"గుంటలు పోయేదాక పట్టిస్తె రేకంత మిగుల్తది. రేకు మీద మనుషుల్ని ఎక్కిస్తవా?"

చిచ్చా గీకుడు కత్తి కింద పెట్టాడు.

"మంచిగుండెరా ఇది" అన్నాడు. "ఆ దినం ఇంక మస్తు నడిచేటిది. నేనే తీసి ఇచ్చిన నీకు. కొత్తది దొరుకుతాంది అని."

ఆయన దాన్ని కిరోసిన్‌తో కడిగాడు. కడిగి, తుడిచి, ఎప్పటిలాగే నా చేతిలో పెట్టాడు.

చివరికి సేటు దగ్గర్నుంచే ఇంకో డ్రమ్ము వచ్చింది. వేరే దారి లేదు. చిచ్చా బిగించాడు. తాళం ఇచ్చేటప్పుడు పట్టుకుని వెంటనే వదల్లేదు.

"సంచులు వేస్కో. మిరపకాయలు, పత్తి, ఏదన్న వేస్కో. సాఫ్ రోడ్డు మీద తిప్పు. మనుషుల్ని ఎక్కియ్యకు. నేను బిగించిన అని ఎక్కియ్యకు."

ఇంటికొచ్చి వెనక సీట్ల బోల్టులు విప్పాను. బోల్టులు పాతవి, నూనె వేస్తే తేలిగ్గా తిరిగాయి. సీట్లు ఇంటి అరుగు మీద గోడకు ఆనించి పెట్టాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూసింది. మర్నాటి నుంచి కారేపల్లి మిరప బస్తాలు, ఇంకెక్కడివో పత్తి బేళ్ళు మోశాను. ఆ డ్రమ్ము ఎన్నాళ్ళు ఉంటుందా అని రోజూ చెవి పెట్టి వినేవాణ్ణి. మనుషులు లేరు కాబట్టి భయం తక్కువ. కానీ ఒక్కణ్ణే బండి నడపడం నాకు అలవాటు కాలేదు. వెనక ఎవరూ మూలగరు, ఎవరూ దగ్గరు.

అడవి ఊళ్ళ వాళ్ళకు ఇది అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. పరుగెత్తుకుంటూ వచ్చేవాళ్ళు.

"అన్నా, మా అయ్యకు జరం, మనిషి సోయిల లేడు. జల్దీ రా."

"బండి మంచిగ లేదు తమ్ముడూ. బ్రేకు మీద నమ్మకం లేదు."

"మెల్లగ నడుపన్నా."

"మెల్లగ పోయినా దిగుడు దిగుడే గదా."

వాళ్ళు నా వెనక నిలబడ్డ జీపు వైపు చూసేవాళ్ళు. అది నడుస్తోందని, పొద్దున బస్తాలతో పోయిందని వాళ్ళకు తెలుసు. నాకు పని ఇష్టం లేదనుకున్నవాళ్ళు ఉన్నారు. పైసలు ఎక్కువ అడగడానికి అంటున్నాననుకున్నవాళ్ళూ ఉన్నారు. నేను సైకిలు తీసి రోడ్డు దాకా పోయి వేరే జీపును పట్టుకొచ్చేవాణ్ణి. ఆ జీపుల్లో ఉన్నవీ సేటు కొట్టు డ్రమ్ములేనని నాకు తెలుసు. వాళ్ళు ఎక్కుతుంటే డ్రైవరు పక్కకు పోయి, "వాగు దిగుడు కాడ గేరు మీదనే పో, బ్రేకును నమ్మకు" అని చెప్పేవాణ్ణి. కొందరు తల ఊపేవాళ్ళు. కొందరు "నాకు నేర్పుతున్నవా?" అనేవాళ్ళు. బండి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడేవాణ్ణి. అది తప్ప నేను చెయ్యగలిగింది ఏమీ కనిపించలేదు.

చిచ్చా షెడ్డు తర్వాత ఎక్కువ కాలం తెరిచి లేదు. కళ్ళు సరిగ్గా కనిపించడం లేదని అందరికీ చెప్పాడు. నాతో మాత్రం, "కడిగి ఇద్దామంటె సిగ్గయితాందిరా" అన్నాడు.

ఆ ముసలమ్మ ఒకసారి వచ్చింది. పక్కన మనవరాలు ఉంది, అప్పటికి నడుస్తోంది, మాటలు కూడా వచ్చాయి. తల్లి ఇసుక ట్రాక్టరులో పోయిన ఆ రోజు పుట్టిన పిల్లే ఇది. ఎండన పడి నడిచి వచ్చారు. సంతకు పోతూ నీళ్ళ కోసం ఆగారు. ముసలమ్మ అరుగు మీది జీపు సీటు చూసి, చేత్తో తట్టి కూర్చుంది. మనవరాలిని పక్కన ఎక్కించుకుంది.

"ఇంక మెత్తగనే ఉన్నది" అంది. "ఎక్కినం గదా కొడుకా, నడువు మరి."

మనవరాలు నవ్వింది, నేను కూడా నవ్వాను. మా ఆవిడ లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. కుండ మళ్ళీ ఆ పాత డ్రమ్ము మీదే ఉంది, కొత్త సున్నంతో. ముసలమ్మ ముందు మనవరాలికి పట్టి, తర్వాత తను తాగింది. మూతి తుడుచుకుని, ఎదురుగా బస్తాల పీచు అంటుకుని ఉన్న జీపు వైపు చూసింది.

"ఇంక దవాఖానకు పోదా అది?"

"పోదవ్వా."

"మరి సీటు ఎందుకు ఉంచినవ్?"

చెంబు తీసుకుంటూ మా ఆవిడ అంది, "కూసుంటానికి అవ్వా. కూసో, ఎండ తగ్గినంక పోదురు."